గోరి అవ్ అన్నది

మా ఆఫీసులో దేవుడి పటం లేదు. దాని బదులు గోడకు పెద్ద టీవీ ఉంది, ఆ టీవీలో ఎప్పుడూ ఒక షీట్ తెరిచి ఉంటుంది. పొద్దున్నే వచ్చిన ప్రతివాడూ బ్యాగు దించకముందే దాని వంక చూస్తాడు. పచ్చగా ఉంటే వెళ్లి టీ తెచ్చుకుంటాడు. ఎర్రగా ఉంటే నా వంక చూస్తాడు, ఆ ఎరుపు నేనే పూసినట్టు.

పూసేది నేను కాదు, నేను రాసిన స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌లో తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రాం. నా పేరు మెహ్రీన్, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఖమ్మంలో వైరా రోడ్డు మీద ఒక బట్టల దుకాణం పై అంతస్తులో మా కంపెనీ. మేం తయారుచేసింది గర్భిణులకు ఫోన్ చేసే మెషిన్. అడవి అంచు ఊళ్లలో, తండాల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లకు అది వారం వారం తనంతట తానే ఫోన్ చేసి, ఒక ఆడగొంతుతో అడుగుతుంది. కాళ్లకు, ముఖానికి వాపు ఉందా? కడుపులో బిడ్డ కదులుతోందా? జవాబులో అవును, లేదు అనే రెండు మాటలే పట్టుకుని, ప్రమాదం అనిపిస్తే ఆ ఊరి నర్సుకు కబురు పెడుతుంది. ఖర్చు ఎవరో ట్రస్టు వాళ్లది. హైదరాబాద్‌లో కూర్చున్న శ్యామల మేడం మా అందరికీ పెద్ద.

రోజూ పొద్దున నా స్క్రిప్టు లేచి, ముందే రికార్డు చేసి పెట్టిన గొంతులను ఒక్కొక్కటిగా ఆ మెషిన్‌కు వినిపిస్తుంది. మెషిన్ సరిగ్గా అర్థం చేసుకుంటే ఆన్‌లైన్ షీట్‌లో ఆ గొంతు పేరు పక్కన పాస్ అని రాస్తుంది, గడి పచ్చబడుతుంది. లేకపోతే ఫెయిల్, ఎరుపు. ఖమ్మంలో నిండిన గడి అదే క్షణంలో హైదరాబాద్‌లో మేడం ఫోన్‌లో కనబడుతుంది. ఇంతే సంగతి. చిన్నపిల్లలకు చెప్పినా అర్థమయ్యే పని ఇది. మా పెద్దవాళ్లకే అర్థం కాలేదు.

మొదట్లో ఆ గొంతుల కోసం హైదరాబాద్ నుంచి ఒక మూట పంపారు. స్టూడియోలో కూర్చుని చదివిన గొంతులు. వార్తలు చదివినట్టు ఒకరు "అవును" అంటారు, ఇంకొకరు "లేదు" అంటారు. కాళ్లు వాచిపోయి, నడుం పట్టేసి, పొయ్యి మీద అన్నం మాడుతుండగా ఫోనెత్తిన మనిషి అంత నింపాదిగా ఎక్కడ మాట్లాడుతుందో నాకైతే తెలియదు. నాకు మండింది. అసలు మనుషుల గొంతులు కావాలని పట్టుబట్టాను. మా అబ్బా, అంటే మా నాన్న రహీం, మైక్‌సెట్లు కిరాయికిస్తాడు. ఆయన దుకాణంలో మంచి మైకు ఒకటి సంచిలో వేసుకున్నాను. మా టీం లీడ్ కోటేష్ అన్న నన్ను తన సొంత తండాకే తీసుకుపోయాడు.

జూలూరుపాడు దాటి, రోడ్డు దిగి, పత్తి చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంటుంది ఆ తండా. కోటేష్ అన్నకు సొంత అన్న అయిన లాల్‌సింగ్ అక్కడే వ్యవసాయం చేస్తాడు. ఆయన భార్య గోరి మాకు మంచం వాల్చి, నా చేతిలో మైకు చూసి నవ్వింది. అప్పుడే ఆమెకు కడుపు కనబడుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటి కానుపు. మా మెషిన్‌లో మొదట ఎక్కించిన ఫోన్ నంబర్లలో ఆమెది ఒకటి.

"ఏం చెప్పాలె చెల్లె?" అంది.

"నిన్ను డాక్టరమ్మ కాళ్లకు వాపు ఉన్నదా అని అడిగిందనుకో వదినా. ఉంటే ఏమంటవ్?"

"అవ్ అంట."

"లేకుంటే?"

"లేదు అంట."

"గంతే. ఆ రెండు మాటలే నాకు కావాలె."

"ఈ రెండు మాటలకు ఇంత దూరం వచ్చిన్రా?" అని, కొంచెం ఆగి, "నా గొంతు హైదరాబాద్ దాక పోతదా?" అని అడిగింది.

"పోతది."

గోరి కొంగు సర్దుకుంది. మైకుకు కళ్లుండవని చెప్పబోయి ఊరుకున్నాను. రెండు మాటలనూ ఎంతో శ్రద్ధగా చెప్పింది. "అవ్." "లేదు." తర్వాత పక్కిళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి చెప్పారు. ఇళ్లలో వాళ్ల మాట లంబాడీ, బయటివాళ్లతో తెలుగు. ఆ తెలుగులో ఒక్కరు కూడా "అవును" అనలేదు. అనరు. ఖమ్మంలో మా గల్లీలో కూడా ఎవరూ అనరు.

ఒక్క కోటేష్ అన్న అంటాడు. అవునండి, సరేనండి, తప్పకుండానండి. నాకు తెలిసిన తండా మనుషుల్లో మాట చివర "అండి" తగిలించేది ఆయనొక్కడే. అదెక్కడ నేర్చాడో ఒకసారి టీ తాగుతూ తనే చెప్పాడు. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, ట్రైనింగ్ హాలు నిండా జనం. ట్రైనర్ ఏదో అడిగితే ఈయన "అవ్" అన్నాడట. "ఎవరబ్బా, కుక్కపిల్లను క్లాసుకు తెచ్చింది?" అన్నాడట ఆ ట్రైనర్. హాలంతా నవ్వారు. కోటేష్ అన్న ఆ కథను జోకులాగే చెప్పాడు. నేను నవ్వలేదు, ఆయన కూడా చివరిదాకా నవ్వలేకపోయాడు.

తండా గొంతులు ఎక్కించి స్క్రిప్టు నడిపిన మొదటి పొద్దున షీట్ చూసి అందరూ నా వంక తిరిగారు. "లేదు"లన్నీ పచ్చగా ఉన్నాయి. "అవ్"లన్నీ ఎరుపు. నేను ప్రతి వరుసకూ గొంతిచ్చిన మనిషి పేరు పెట్టాను, ఏది ఎవరిదో తెలియాలని. అన్నింటికంటే పైన ఉంది: గోరి_అవ్, ఫెయిల్. దాని కింద గోరి_లేదు, పాస్.

కోటేష్ అన్న కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయన నాలుక తండాకు వచ్చేస్తుంది.

"ఏంది మెహ్రీన్, ఇదెందుకు ఎర్రగున్నది?"

"మెషిన్‌కు అవ్ వినబడ్తలేదన్నా. మరీ చిన్న మాట గద, దగ్గో, తలుపు చప్పుడో అనుకుంటున్నది."

"మరి జవాబు రానట్టే రాసుకుంటున్నదా?"

"ఇంకోసారి అడుగుతది. మళ్ల రాకుంటే బాగనే ఉన్నరని రాసుకొని ఫోన్ పెట్టేస్తది."

అది హైదరాబాద్‌లో తీసుకున్న నిర్ణయం. జనం ఫోనెత్తి పక్కన పడేస్తారట, అట్లాంటి ప్రతిదానికీ నర్సును పరుగెత్తించలేరట. కాబట్టి నోరు మెదపని మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే. ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు ఇది ఎంత తేలికగా తోచిందో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

కోటేష్ అన్న ఆ ఎర్రగడి వైపు చూశాడు. మెషిన్‌ను ఎట్లా బాగుచేయాలో ఆలోచిస్తున్నాడనుకున్నాను.

"ముందు ఆ పేరు తీసెయ్," అన్నాడు.

"పేరు తీస్తే వినబడ్తదా అన్నా?"

"మేడం రోజూ చూస్తది. ట్రస్టోళ్లు చూస్తరు. మా వదిన పేరు పక్కన ఫెయిల్ అని ఉంటే ఏమనుకుంటరు? తండోళ్లకు మాట్లాడరాదనుకోరా?"

"ఫెయిలైంది మెషిన్ అన్నా, వదిన కాదు."

"ఎర్రగున్నది ఎవల పేరు?" అన్నాడు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ, ఫెయిల్ అనే మాటను అట్లా చదివే మనిషి ఉంటాడని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఆ వారమంతా పోట్లాడాను. మెషిన్‌కు "అవ్" నేర్పడానికి వ్యవధి కావాలి, లాంచ్ తేదీ దగ్గర పడింది. వీడియో కాల్‌లో శ్యామల మేడంకే నేరుగా చెప్పాను. ఆమె ఎప్పుడూ కసురుకోదు. ఎవరినైనా మెచ్చుకుంటూనే పక్కకు నెట్టేస్తుంది.

"గుడ్ పాయింట్ మెహ్రీన్. నోట్స్‌లో పెట్టండి, ఫేజ్ టూలో చూద్దాం. ఈలోగా ఆ ఆడవాళ్లకు అవును అనమని ఒకసారి చెప్తే సరిపోతుంది కదా?"

"పుట్టినప్పటి సంది అనే మాట ఒకసారి చెప్తే మారుతదా మేడం?"

"నేను చెప్తానండి," అన్నాడు కోటేష్ అన్న మధ్యలో. "మా వాళ్లే కదండి. వింటారు."

ఆ ఆదివారం తండాకు పోయి అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు కూడా. ఫోన్ వస్తే "అవ్" అనొద్దు, "అవును" అని పూర్తిగా అనాలె, తెలిసిందా? "అవ్," అన్నారట అందరూ.

అది చెప్పి సోమవారం తనే నవ్వాడు. ఆ తర్వాత తలుపు వేసుకుని తన గొంతుతో "అవును" అని రికార్డు చేశాడు. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి, దగ్గుతూ ఒకటి. అన్నీ పాసయ్యాయి. కాక ఏమవుతాయి? ఆ "అవును" కోసం ఆయన హైదరాబాద్ హాలులో అంత అవమానం పడ్డాడు. తండా "అవ్"లన్నింటి పక్కన స్కిప్ అని పెట్టాడు. స్కిప్ అంటే నా స్క్రిప్టు ఆ గొంతు దగ్గర ఆగదు, మెషిన్‌కు వినిపించదు. గడి ఎర్రగానూ ఉండదు, పచ్చగానూ ఉండదు, బూడిదరంగులో పడి ఉంటుంది. షీట్ పైన ఉండే మొత్తం లెక్కలోకి పాస్, ఫెయిల్ మాత్రమే వస్తాయి. కాబట్టి పైగడిలో నూటికి నూరు అని వచ్చింది.

దాంట్లో దాచిందేమీ లేదు. అదే నాకు మరీ చేదు. గోరి_అవ్, స్కిప్ అని అందరి కళ్లముందే గోడ మీద వెలుగుతూ ఉంది. చూసినవాళ్లంతా పైగడి చూసి టీకి పోయారు.

లాంచ్ రోజు స్వీట్లు పంచారు. మెషిన్ తండాలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. నిజం ఫోన్లలో ప్రమాదం కనబడితే అదే షీట్‌లో లైవ్ అనే రెండో పేజీలో ఎర్ర వరుస వచ్చి చేరుతుంది. ఆ పేజీ వారాల తరబడి ఖాళీగా ఉంది. అంతమంది గర్భిణుల్లో ఒక్కరికీ కాలు వాయలేదా అని నేనడిగితే, మంచిదే కదా అన్నారు. మధ్యలో ఒకసారి కోటేష్ అన్న తండా నుంచి కబురు తెచ్చాడు. "మా వదినకు ఆ ఫోన్ మేడం గొంతు మస్తు నచ్చిందంట. మా మరిది చేసిన ఫోన్ అని ఊరంత చెప్తున్నదంట." ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ మోగింది. లాల్‌సింగ్. గోరికి ఫిట్స్ వచ్చాయి, కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోతున్నారు. కోటేష్ అన్న లంచ్ డబ్బా మూత కూడా పెట్టకుండా పరుగెత్తాడు. గోరి బతికింది. బీపీ ఎప్పటి నుంచో పెరుగుతూ వచ్చిందని, ఒళ్లు వాచినప్పుడే తీసుకొస్తే బాగుండేదని అక్కడి డాక్టరమ్మ అన్నదట. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల.

శ్యామల మేడం చాలా బాధాకరం అని మెసేజ్ పెట్టింది. ఆ వెనకే, మన సిస్టం ఆ రోజు సరిగ్గా పనిచేసిందో లేదో చూసి చెప్పమంది. చూడటానికేముంది? షీట్ ఆ రోజూ నూటికి నూరు. "కాల్ వెళ్లింది, వినియోగదారు స్పష్టమైన జవాబు ఇవ్వలేదు" అని హైదరాబాద్‌లోనే ఎవరో రాసి, విషయం ముగించారు. వినియోగదారట. కొంగు సర్దుకుని మైకు ముందు కూర్చున్న మనిషి!

కోటేష్ అన్న తిరిగి వచ్చిన పొద్దున తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"వదినకు పోయిన ఆఖరు ఫోన్ ఉన్నదా?"

"ఉన్నదన్నా. ఇప్పుడెందుకు?"

"పెట్టు."

పెట్టాను. మెషిన్ తీయగా పలకరించింది. మీ కాళ్లకు గానీ, ముఖానికి గానీ వాపు ఉందా?

"అవ్," అంది గోరి.

క్షమించండి, మీ జవాబు వినిపించలేదు. దయచేసి స్పష్టంగా చెప్పండి.

"అవ్!" ఈసారి గట్టిగా. అంతలోనే గొంతు తగ్గించి, మర్యాదగా, "అవ్ మేడం. ముఖం గూడ ఉబ్బింది. కండ్లు మసక మసక అవుతున్నయి."

ధన్యవాదాలు. మీ కడుపులో బిడ్డ కదులుతోందా?

"అవ్ మేడం, మంచిగ కదులుతున్నది."

దానిమీద కూడా మెషిన్ ఇంకోసారి అడిగింది, గోరి ఇంకోసారి అవ్ అన్నది. మీరు ఆరోగ్యంగా ఉన్నారు, వచ్చే వారం మళ్లీ మాట్లాడదాం అని మెషిన్ ముగించింది. ఫోన్ పెట్టేయడం గోరికి వెంటనే చేతకాలేదు. వెనక లాల్‌సింగ్ గొంతు వినబడింది; వాళ్లిద్దరి మాట లంబాడీ, కోటేష్ అన్న నాకు తెలుగులో చెప్పాడు. "ఏమన్నరు? దవాఖానకు పోవాల్నా?"

"వద్దు. బాగనే ఉన్ననంట. కోటేష్ వాళ్ల మేడమే చెప్పింది."

అక్కడితో రికార్డింగ్ అయిపోయింది. కోటేష్ అన్న రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నేను ఓదార్చలేదు. నాకు జాలి కలిగింది, కోపం కూడా అంతే ఉంది. కొంతసేపటికి ఆయన లేచి, షీట్ తెరిచి, గోరి_అవ్ పక్కన ఉన్న స్కిప్ తీసేశాడు. తండా "అవ్"లన్నింటి పక్కనా తీసేశాడు. నన్ను స్క్రిప్టు నడపమన్నాడు.

గోడ మీద వరుసగా ఎరుపు దిగింది. పైగడి పడిపోయింది. వెంటనే శ్యామల మేడం కాల్ వచ్చింది. కోటేష్ అన్న స్పీకర్ పెట్టాడు.

"కోటేష్, షీట్‌కు ఏమైంది? పాత ఫైళ్లు మళ్లీ ఎవరు తెరిచారు? మెహ్రీనా?"

"కాదు మేడం."

"మరి మీరేనా?"

"అవ్."

"ఏంటి? సరిగ్గా వినిపించలేదు."

"అవ్ మేడం," అన్నాడు కోటేష్ అన్న. "నేనే. అవి గట్లనే ఎర్రగ ఉంటయి. మెషిన్ నేర్చుకునే దాక ఉంటయి."

మేడం లైన్ మీద ఉన్నంతసేపూ శాంతంగానే మాట్లాడింది. మెషిన్‌కు "అవ్" నేర్పే పనికి ఒప్పుకుంది కూడా, వచ్చే విడతలో. ట్రస్టు వాళ్లతో మీటింగ్ ఉంది కాబట్టి అంతవరకు ఆ వరుసలను వేరే షీట్‌లోకి మార్చమంది. కోటేష్ అన్న మార్చనన్నాడు. మర్నాటికి ఆ షీట్‌లో రాసే హక్కు మా ఇద్దరికీ పోయింది, చూసే హక్కు మాత్రం మిగిలింది. గడులు మళ్లీ బూడిదరంగుకు తిరిగాయి.

చూడటం ఒక్కటే మిగిలింది కాబట్టి, ఆ తర్వాత ఒక పొద్దున అట్లాగే చూస్తూ కూర్చున్నాం. వారాలుగా ఖాళీగా ఉన్న లైవ్ పేజీలో మొదటిసారి ఒక ఎర్ర వరుస వచ్చింది. దాని వెనకే గ్రూపులో మేడం మెసేజ్ వచ్చింది. "మన మొదటి లైవ్ అలర్ట్! జవాబు స్పష్టంగా గుర్తించింది, నర్సుకు కబురు వెళ్లింది. టీం అందరికీ అభినందనలు." పేరు ఆమె చదవలేదు. చదివినా గుర్తుపట్టి ఉండదు.

నేను చదివాను. గోరి.

మా మెషిన్ మొదట్లో రాసుకున్న కానుపు తేదీ దాకా ఫోన్ చేస్తూనే ఉంటుంది. ఆ తేదీ ఇంకా రాలేదు. మధ్యలో ఆపాల్సి వస్తే ఎట్లా అని మా ప్రాజెక్టులో ఎవరూ రాయలేదు. నేను తెర మూసేయబోయాను. కోటేష్ అన్న నా చేయి పక్కకు జరిపి, ఆ వరుసలోని రికార్డింగ్ తనే నొక్కాడు.

అదే తీయని గొంతు. మీ కడుపులో బిడ్డ కదులుతోందా?

ఎక్కడో కోడి అరిచింది.

"లేదు," అంది గోరి.

ఈసారి మెషిన్ రెండోసారి అడగలేదు.